భారీ దెబ్బని తిని, తిన్నది తిన్నట్టు చెప్పే బుల్లి డేటా రికార్డర్: కాగితం మీది లెక్క నుంచి చివరి పరీక్ష దాకా

ఏదైనా పరికరం పైనుంచి పడి నేలకి గట్టిగా కొట్టుకున్నప్పుడు లోపల అసలేం జరిగిందో తెలియాలంటే, దాని కడుపులో ఒక చిన్న రికార్డర్ని పెట్టి దాంతో పాటే పడెయ్యాలి. ఒక సెన్సర్, ఒక మైక్రోకంట్రోలర్, కాస్త మెమరీ, ఒక బ్యాటరీ, అంతేగా అనిపిస్తుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదటి బోర్డు చితికిపోయింది, దాంతో పెద్ద బాధ లేదు, ఎందుకంటే చితికిందని కంటికి కనిపిస్తుంది. రెండోది చెక్కుచెదరకుండా బయటికొచ్చింది, అందమైన గ్రాఫ్ ఇచ్చింది, ఆ గ్రాఫ్ చూసుకుని వారం రోజులు మురిసిపోయాక తెలిసింది అందులో సగం అబద్ధమని. సెన్సర్ చెప్పిన దానితో పాటు కెపాసిటర్లు, వైర్లు, ఊగిన బ్యాటరీ కాంటాక్టు కూడా తలా ఒక మాట కలిపాయి.

కాబట్టి ఈ గైడ్ అంతా ఒకే విషయం చుట్టూ తిరుగుతుంది: దెబ్బకి బతకడం సగం పనే, దెబ్బ తగులుతున్న ఆ క్షణంలో నిజం రాసుకోవడం మిగతా సగం, అదే కష్టమైన సగం. విమానాల బ్లాక్ బాక్స్‌నే చూడండి. ఈడీ-112 ప్రమాణం ప్రకారం అది 3,400 జీ దెబ్బని 6.5 మిల్లీసెకన్ల పాటు తట్టుకోవాలి. కానీ అక్కడ బతకాల్సింది మెమరీ మాత్రమే, కొలతలు విమానంలో వేరే చోట్ల నుంచి వస్తాయి. మన బుల్లి రికార్డర్‌లో కొలిచేదీ, రాసుకునేదీ, దెబ్బ తినేదీ అన్నీ ఒకే పిడికెడు డబ్బాలో ఉంటాయి.

దెబ్బని ముందు కాగితం మీద చూడండి

"10,000 జీ తట్టుకోవాలి" అని ఎవరైనా అంటే, వెంటనే "ఎంతసేపు?" అని అడగండి. జీ అంటే భూమ్యాకర్షణ త్వరణానికి ఎన్ని రెట్లు అని, అంతే. ఎంతసేపు ఉందో చెప్పకపోతే ఆ అంకెకి అర్థం లేదు. మీటరు ఎత్తు నుంచి పడిన వస్తువు ఒక మిల్లీమీటరులో ఆగిపోతే సగటున 1,000 జీ పడుతుంది. ఎత్తుని ఆగిన దూరంతో భాగించండి, అదే సగటు జీ. ఇంత సులువైన లెక్క ఇంకోటి లేదు.

ఈ గైడ్ మొత్తానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. 18 మీటర్ల ఎత్తు నుంచి పడే పెట్టె, తగిలే ముందు దాని వేగం సుమారు 18.8 మీ/సె (2 × 9.81 × ఎత్తుకి వర్గమూలం). అది 2.8 మి.మీ. దూరంలో ఆగుతుందనుకోండి. సగటు 6,400 జీ. దెబ్బ ఆకారం సగం సైన్ తరంగంలా ఉందనుకుంటే శిఖరం సగటుకి 1.57 రెట్లు, అంటే దాదాపు 10,000 జీ, దెబ్బ నిడివి 0.3 మిల్లీసెకన్లు. నిజం దెబ్బలు ఇంత నున్నగా ఉండవు గానీ, డిజైన్ మొదలుపెట్టడానికి ఇది చాలు.

ఈ ఒక్క లెక్క నుంచే మిగతా అంకెలన్నీ వస్తాయి. 0.3 మి.సె. సగం సైన్ అంటే సుమారు 1.7 కిలోహెర్ట్జ్ తరంగంలో సగం. దాని ఆకారం చెడకుండా పట్టుకోవాలంటే పది రెట్ల బ్యాండ్‌విడ్త్, అంటే 17 కిలోహెర్ట్జ్ దాకా అంతా సమానంగా కొలవగలగాలి. ఫిల్టర్ని (అక్కర్లేని వేగపు తరంగాల్ని కోసేసేది) 20 కిలోహెర్ట్జ్ దగ్గర పెడదాం, శాంప్లింగ్, అంటే కొలత తీసుకోవడం, సెకనుకి 1,00,000 సార్లు. దెబ్బ మీద 30 శాంపుళ్లు పడతాయి. సెన్సర్ రేంజి మాత్రం 10,000 తీసుకోకండి. లెక్క రెండింతలు తప్పినా రేంజిలోనే ఉండేలా ±20,000 జీ తీసుకోండి.

సెన్సర్: రేంజి వేరు, తట్టుకునేది వేరు

డేటాషీట్‌లో ఈ రెండూ వేర్వేరు వరుసల్లో ఉంటాయి, జనం కలిపేసి చదువుతారు. ఏడీఎక్స్‌ఎల్ 375 అనే డిజిటల్ సెన్సర్ కొలిచేది ±200 జీ, విరగకుండా ఓర్చుకునేది 10,000 జీ. ఏడీఎక్స్‌ఎల్ 1004 అయితే ±500 జీ దాకా, 24 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో అనలాగ్ అవుట్‌పుట్ ఇస్తుంది. మీ పని కొన్ని వందల జీ లోపు అయితే వీటితో సరిపెట్టుకోండి, చౌక, చిన్నవి, బోర్డు మీదే కూర్చుంటాయి. మన ఉదాహరణకి మాత్రం ఇవి చాలవు.

వేల జీ కొలవాలంటే రెండు రకాలున్నాయి. పీజోఎలక్ట్రిక్ సెన్సర్లు (నొక్కితే వోల్టేజీ పుట్టించే పదార్థంతో చేసినవి) గట్టివే, కానీ పెద్ద దెబ్బ తిన్నాక సున్నా (దెబ్బ లేనప్పటి రీడింగు) పాత చోటికి రాకుండా పక్కకి జరిగిపోయే జబ్బు వాటికి ఎక్కువ, పైగా మెల్లగా మారే త్వరణాన్ని అవి పట్టుకోలేవు. సిలికాన్ మీద చెక్కిన పీజోరెసిస్టివ్ సెన్సర్లు (వంగితే రెసిస్టెన్స్ మారేవి) సున్నా హెర్ట్జ్ నుంచీ కొలుస్తాయి, అందుకని ఈ పనికి నా ఓటు వాటికే. వాటిలోనూ డ్యాంపింగ్ (ఊగుడుని అణిచే ఏర్పాటు) లేనివి, కొంచెం డ్యాంపింగ్ ఉన్నవి అని రెండు. డ్యాంపింగ్ లేనిదాన్ని దాని సొంత పౌనఃపున్యం దగ్గర కదిలిస్తే గంట కొట్టినట్టు మోగుతుంది. లోహం నేరుగా లోహానికి తగిలిన దెబ్బలో 100 కిలోహెర్ట్జ్ పైన కూడా శక్తి ఉంటుంది, కాబట్టి మీ లెక్కలో 10,000 జీ అని ఉన్నా సెన్సర్ లోపలి సన్నని దూలం అంతకంటే చాలా ఎక్కువ చూసి పుటుక్కున తెగిపోవచ్చు. డ్యాంపింగ్, లోపల ఆపే గోడలు ఉన్న రకం దొరికితే దానికే వెళ్లండి.

ఇక దాన్ని ఎక్కడ బిగించాలి? డబ్బా లోహానికి నేరుగా. చదునుగా మిల్లింగ్ చేసిన ముఖం, డేటాషీట్‌లో చెప్పిన టార్క్‌తో స్క్రూ, లేదా పలచని పొరగా గట్టి ఎపాక్సీ. బోర్డు మీద పెడితే బోర్డు ఊగడాన్ని కొలుస్తుంది, మెత్తటి జిగురు మీద పెడితే జిగురు సాగడాన్ని కొలుస్తుంది.

సిగ్నల్ దారి

±20,000 జీ పీజోరెసిస్టివ్ బ్రిడ్జికి (సెన్సర్ లోపలి నాలుగు రెసిస్టర్ల అమరిక) 10 వోల్టులు ఇస్తే అది పూర్తి రేంజికి సుమారు 200 మిల్లీవోల్టులు ఇస్తుంది. మనం 3.3 వోల్టులే ఇస్తాం కాబట్టి 66 మిల్లీవోల్టులు వస్తుంది. ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్‌లో 20 రెట్లు పెంచితే 1.65 వోల్టుల మధ్య గీతకి అటూ ఇటూ 1.32, అంటే పైనా కిందా కాస్త ఖాళీ మిగులుతుంది. బ్రిడ్జికిచ్చే వోల్టేజీనే ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే చిప్) రిఫరెన్స్‌గా, అంటే కొలబద్దగా, ఇవ్వండి. అప్పుడు దెబ్బకి సప్లై కొంచెం ఊగినా రెండూ కలిసే ఊగుతాయి, నిష్పత్తి మారదు. నాలుగు తీగలు పొదుపు చేద్దామని రిఫరెన్స్ వేరేగా పెట్టి తర్వాత బాధపడేవాళ్లని చూశాను. (అద్దంలో.)

ఏడీసీ 16 బిట్లది తీసుకోండి. 12 బిట్లయితే 40,000 జీ మొత్తం వెడల్పుని 4,096 మెట్లుగా కొయ్యాలి, ఒక్కో మెట్టు దాదాపు 10 జీ. 16 బిట్లలో అది 0.6. పది జీ తేడాకి ఏమవుతుందో చివర్లో చెప్తాను.

ఇప్పుడు అసలు మెలిక. సెకనుకి లక్ష శాంపుళ్లు తీసేటప్పుడు సెన్సర్ గానీ డబ్బా గానీ 95 కిలోహెర్ట్జ్ దగ్గర మోగిందనుకోండి, అది మీ డేటాలో 5 కిలోహెర్ట్జ్ తరంగంలా వేషం మార్చుకుని కూర్చుంటుంది. చూడ్డానికి అచ్చం నిజం సిగ్నలే. ఒకసారి అలా కలిసిపోయాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని విడదీయలేదు. అందుకని ఏడీసీ ముందు అనలాగ్ ఫిల్టర్ తప్పనిసరి, కనీసం నాలుగు పోల్‌ల ఫిల్టర్ (పోల్‌లు ఎక్కువైతే కోత నిటారుగా ఉంటుంది). బటర్‌వర్త్ రకం బాగా కోస్తుంది గానీ దెబ్బ ఆకారం చివర చిన్న అలలు పుట్టిస్తుంది, బెసెల్ రకం ఆకారాన్ని కాపాడుతుంది గానీ మెల్లగా కోస్తుంది. నేనైతే బెసెల్ వేసి శాంప్లింగ్ వేగం రెండింతలు చేస్తాను, మెమరీ సరిపోతే. ఇంకో చిన్న సంగతి: సెన్సర్ మోత వల్ల ఫిల్టర్ కంటే ముందున్న యాంప్లిఫయర్ గోడకి కొట్టుకుంటే (తను ఇవ్వగల వోల్టేజీ హద్దు తాకితే) ఫిల్టర్ దాన్ని దాచిపెడుతుంది, బయటికి నున్నటి తప్పుడు గీత వస్తుంది. యాంప్లిఫయర్‌లో ఆ ఖాళీ ఉంచమన్నది అందుకే.

ఈ దారిలో కెపాసిటర్లన్నీ సీ0జీ (దెబ్బకి వోల్టేజీ పుట్టించని సెరామిక్) రకమే వాడండి. ఎక్స్7ఆర్ సెరామిక్ తనే పీజోఎలక్ట్రిక్, దెబ్బ తగిలితే సొంతంగా వోల్టేజీ పుట్టిస్తుంది. అంటే తెలియకుండానే బోర్డు మీద ఇంకో నాలుగు సెన్సర్లు పెట్టినట్టు, అదీ ఎవరూ క్యాలిబ్రేట్ చెయ్యనివి.

డమ్మీ ఛానల్ ఒకటి పెట్టండి

మూడు అక్షాలకి మూడు ఛానళ్లు. నాలుగోది కూడా పెట్టండి, దానికి సెన్సర్ బదులు అదే విలువలున్న నాలుగు రెసిస్టర్ల బ్రిడ్జి, అదే యాంప్లిఫయర్, అదే ఫిల్టర్, అదే పొడవు తీగలు. దానికి త్వరణం తెలియదు కాబట్టి దెబ్బ తగిలినప్పుడు అది తిన్నని గీతగానే ఉండాలి. లేచిందంటే, లేచినంత మేర మీ ఎలక్ట్రానిక్స్ చెప్పిన అబద్ధం అన్నమాట. నా మొదటి డమ్మీ ఛానల్ 600 జీ చూపించింది! తీగలు ఊగకుండా ఎపాక్సీతో అంటించి, రెండు ఎక్స్7ఆర్ కెపాసిటర్లు మార్చాక 40కి దిగింది. ఈ ఒక్క ఛానల్ లేకపోతే ఆ 600ని నేను ఏదో గొప్ప భౌతిక శాస్త్రం అనుకునేవాణ్ణి.

మెమరీ, ట్రిగ్గర్

నాలుగు ఛానళ్లు, రెండేసి బైట్లు, సెకనుకి లక్ష సార్లు: సెకనుకి 8,00,000 బైట్లు. మామూలుగా అందరూ చేసేది, ర్యామ్‌లో రింగ్ బఫర్ (నిండగానే మళ్లీ మొదటి నుంచి పాతదాని మీదే రాసేది) తిప్పుతూ, దెబ్బ తగలగానే కాసేపు ఆగి, అదంతా కరెంటు పోయినా నిలిచే ఫ్లాష్ మెమరీలోకి రాయడం. పనిచేస్తుంది, కానీ దెబ్బ తగిలాక కరెంటు ఇంకా చాలాసేపు ఉండాలి. నార్ రకం ఫ్లాష్‌లో ఒక 256 బైట్ల పేజీ రాయడానికే మిల్లీసెకను దరిదాపుల్లో పడుతుంది, సెక్టారు చెరపాలంటే పదుల మిల్లీసెకన్లు. సరిగ్గా బ్యాటరీ కాంటాక్టు ఊడే అవకాశం ఎక్కువున్న సమయం అదే.

అందుకని ఎఫ్‌ర్యామ్ వాడండి. కరెంటు పోయినా మరిచిపోదు, చెరపక్కర్లేదు, బైటు అందిన వెంటనే రాసేసుకుంటుంది, రాసి రాసి అరగదు అనుకోవచ్చు. 4 మెగాబిట్ చిప్ అంటే 5,24,288 బైట్లు, మన వేగానికి 0.65 సెకన్లు. ఒక్కసారి రాయడం మొదలుపెట్టి చిప్ సెలెక్ట్ పిన్నుని (ఈ చిప్‌తోనే మాట్లాడుతున్నాం అని చెప్పేది) అలాగే కింద పట్టుకుంటే చివరి అడ్రసు తర్వాత తనే మళ్లీ సున్నాకి వస్తుంది, రింగ్ బఫర్ ఉచితంగా వచ్చినట్టే. ట్రిగ్గర్ (దెబ్బ తగిలిందని గుర్తించేది) చెయ్యాల్సింది "ఇంకో 0.5 సెకన్లు రాసి ఆపెయ్" అని చెప్పడం ఒక్కటే. దెబ్బ మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రాసింది ఎక్కడికీ పోదు. కాకపోతే ఎక్కడ ఆగిందో తెలియాలి కదా, కాబట్టి ప్రతి 32 శాంపుళ్లకి ఒక వరుస సంఖ్య కూడా రాస్తూ పోండి. ఇక్కడ ర్యామ్ నుంచి ఎఫ్‌ర్యామ్‌కి పంపే ముక్క సైజు చూసుకోండి: 1,024 బైట్ల ముక్కలుగా పంపితే ఒక్కో ముక్క 1.28 మి.సె., మన దెబ్బ మొత్తం 0.3, అంటే దెబ్బంతా ర్యామ్‌లోనే ఉండగా కరెంటు పోవచ్చు. 64 బైట్లు చాలు.

ట్రిగ్గర్ ఒక్క శాంపుల్ మీద పెట్టకండి. 500 జీ దాటిన శాంపుళ్లు వరసగా మూడు వస్తే అప్పుడు. లేకపోతే చేతిలోంచి బల్ల మీద పెట్టినప్పుడే పేలుతుంది. అంతకంటే ముఖ్యమైన నియమం: రికార్డర్ రీసెట్ అయి లేస్తే తనంతట తాను మళ్లీ ఆర్మ్ అవ్వకూడదు, అంటే రికార్డింగుకి సిద్ధమవ్వకూడదు. దెబ్బకి ఒక్క క్షణం కరెంటు పోయి, ప్రోగ్రాం మళ్లీ మొదలై, బుద్ధిగా కొత్త రికార్డింగ్ మొదలుపెట్టి పాతదాన్ని తుడిచేస్తే ఆ ఏడుపు ఎవరికీ చెప్పుకోలేరు. ఆర్మ్ చెయ్యడం మీ చేతులతోనే జరగాలి. దానికి అయస్కాంతం పెట్టుకోవచ్చు గానీ రీడ్ స్విచ్ (అయస్కాంతానికి కలుసుకునే సన్నని లోహపు రేకులు) వద్దు, దెబ్బకి అదీ ఊగుతుంది. కదిలే భాగాల్లేకుండా అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ వాడండి.

కరెంటు, గడియారం

ఒక్క గ్రాము వస్తువు 10,000 జీ దగ్గర పది కేజీల బరువులా ప్రవర్తిస్తుంది. సీఆర్2032 బటన్ సెల్ సుమారు మూడు గ్రాములు, అంటే స్ప్రింగు హోల్డర్ మీద ముప్పై కేజీల మూట పెట్టినట్టు. హోల్డర్ అనే మాటే మర్చిపోండి. ట్యాబులు వెల్డ్ చేసిన సెల్ తీసుకుని, తీగ బిగువుగా కాకుండా, ఊగేంత వదులుగానూ కాకుండా సోల్డర్ చేసి, ఎపాక్సీలో పాతెయ్యండి. అయినా సెల్ లోపలి పొరలు కదిలి వోల్టేజీ ఒక్క క్షణం పడొచ్చు. సర్క్యూట్ తాగేది 40 మిల్లీయాంపులు, సెల్ ఇవ్వలేని ఖాళీ 2 మి.సె., 0.4 వోల్టులు తగ్గినా ఫరవాలేదు అనుకుంటే ఆ ఖాళీని పూడ్చడానికి 200 మైక్రోఫారడ్లు కావాలి. టాంటలమ్ కెపాసిటర్లు రెండు మూడు పక్కపక్కన పెట్టండి. వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్లోని ఫెర్రైట్ ఇండక్టర్ బరువు, పెళుసు రెండూ, కాబట్టి మామూలు లీనియర్ రెగ్యులేటర్.

క్వార్ట్జ్ క్రిస్టల్, ముఖ్యంగా 32.768 కిలోహెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ రకం, దెబ్బకి విరిగిపోవచ్చు కాబట్టి ఈ పెట్టెలో ఉండకూడదు. గడియారానికి మెమ్స్ (సిలికాన్ మీద చెక్కిన) ఆసిలేటర్ పెట్టండి, లేదా మైక్రోకంట్రోలర్ లోపలి ఆర్‌సీ ఆసిలేటర్ వాడండి. ఒక శాతం తప్పు ఉంటే ఉండనివ్వండి.

బోర్డు, డబ్బా, పాటింగ్

బోర్డు ఎంత చిన్నదైతే అంత మంచిది, గుండ్రంగా ఉండి అంచు చుట్టూ పట్టు దొరికితే ఇంకా మంచిది. దెబ్బ దిశకి అడ్డంగా పెడితే పళ్లెంలా వంగుతుంది, నిలువుగా పెడితే వంగదు గానీ పార్టుల సోల్డర్ మీద పక్కకి లాగుడు పడుతుంది. పార్టులు చిన్నవైతే నిలువే నయం. అడ్డంగా పెట్టక తప్పకపోతే, పడే దిశకి వెనక వైపున్న ముఖం మీద బరువైన పార్టులు పెట్టండి. ఆగిన క్షణంలో అవి బోర్డుకి అదుముకుంటాయి, ఊడిరావు. సెరామిక్ కెపాసిటర్లు 0402 సైజు (సుమారు 1 × 0.5 మి.మీ.) మించకుండా, బోర్డు వంగే గీతకి సమాంతరంగా. కనెక్టర్లు వద్దే వద్దు, స్ప్రింగు పిన్నులు తాకించడానికి బంగారు పూత ప్యాడ్లు చాలు. ఆ ప్యాడ్లలోకి ఎఫ్‌ర్యామ్ పిన్నుల్ని కూడా తెచ్చి పెట్టండి, మైక్రోకంట్రోలర్ చచ్చినా మెమరీని నేరుగా చదువుకోవచ్చు.

డబ్బాకి 7075-టీ6 అల్యూమినియం చాలావరకు సరిపోతుంది, ఇంకా గట్టిది కావాలంటే టైటానియం. మూత స్క్రూలకి థ్రెడ్‌లాకర్ రాయండి.

పాటింగ్ (డబ్బాలోని ఖాళీని గట్టిపడే ద్రవంతో నింపెయ్యడం) దగ్గర ఓపిక కావాలి. మెత్తటి సిలికోన్ పోస్తే పార్టులు అందులో ఈదుతాయి, తీగలు తెగుతాయి. గట్టి ఎపాక్సీ పోస్తే కదలవు, కానీ చల్లబడేటప్పుడు అది కుంచించుకుని కెపాసిటర్లని పగలగొట్టగలదు: డిగ్రీకి ఎపాక్సీ వ్యాకోచం పది లక్షల్లో 50 నుంచి 80 భాగాలు, బోర్డుది 14 నుంచి 17, అల్యూమినియందేమో 23. మధ్యే మార్గం, బోలు గాజు గోళీలు కలిపిన ఎపాక్సీ. నీటికంటే తేలిక, వ్యాకోచమూ తగ్గుతుంది. పోసే ముందు బోర్డు మీద పలచని మెత్తటి కోటింగ్ ఒకటి వేస్తాను, కొందరు అక్కర్లేదంటారు. వ్యాక్యూమ్‌లో బుడగలు తీసి, రెండు మూడు విడతలుగా పొయ్యండి, ఒకేసారి పోస్తే వేడెక్కుతుంది. బుడగ మిగిలిన చోటే తీగ తెగుతుంది, నేను కోసి చూసిన ప్రతి చచ్చిన యూనిట్లోనూ అదే కనిపించింది. పొయ్యడానికి ముందు ప్రతి ఛానలూ ఇంకోసారి పరీక్షించండి, తర్వాత లోపలికి దారి లేదు.

పరీక్ష

కరెంటు లేకుండా కొట్టి "బతికింది" అనుకోవడం పరీక్ష కాదు. 1999లో నాసా మార్స్ మీదికి డీప్ స్పేస్ 2 అని రెండు చిన్న ప్రోబ్‌లు పంపింది, పారాచూట్ లేకుండా నేలలోకి గుచ్చుకునేవి, పదుల వేల జీ తట్టుకునేలా కట్టినవి. రెండింటి నుంచీ ఒక్క సిగ్నలూ రాలేదు. తర్వాతి దర్యాప్తులో తగినంత పరీక్షించకుండానే పంపారని తేలింది. విడి భాగాలు కాదు, మొత్తం యూనిట్‌ని, ఆన్‌లో ఉంచి, రికార్డు చేస్తుండగా కొట్టాలి.

చిన్న దెబ్బతో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ వెళ్లండి: డ్రాప్ టేబుల్ (బల్లని ఎత్తు నుంచి పడేసే యంత్రం) మీద 500, 1,000, 2,000 జీ. పైకి వెళ్లాలంటే హాప్కిన్సన్ బార్ ఉన్న ల్యాబ్ కావాలి, పొడవాటి లోహపు కడ్డీ ఒక చివర కొడితే రెండో చివర ఉన్న సెన్సర్‌కి కొలిచిన దెబ్బ అందుతుంది. ప్రతి దెబ్బకీ ముందూ వెనకా సున్నా రీడింగు ఎక్కడుందో రాసుకోండి.

నమ్మాలా వద్దా అని తేల్చే లెక్క ఇది. త్వరణాన్ని ఇంటిగ్రేట్ చేస్తే వేగంలో వచ్చిన మార్పు రావాలి. మన పెట్టె తగిలే వేగం 18.8 మీ/సె, హైస్పీడ్ కెమెరాలో అది పైకి ఎగిరిన వేగం 2 అని కనిపిస్తే గ్రాఫ్ కింద వైశాల్యం 20.8 రావాలి. ఇప్పుడు ఆ పది జీ సంగతి. దెబ్బ మధ్యలో సున్నా 10 జీ పక్కకి జరిగితే, రేంజిలో అది 0.05 శాతమే, కానీ 10 మి.సె. ఇంటిగ్రేట్ చేసేసరికి దాదాపు 1 మీ/సె తప్పు, 100 మి.సె. చేస్తే 10. వేగం గీత దెబ్బ అయిపోయాక కూడా ఏటవాలుగా ఎక్కుతూనే ఉంటే సున్నా జరిగినట్టే.

శిఖరం విలువ ఎవరికైనా చెప్పేటప్పుడు ఏ ఫిల్టర్ తర్వాతిదో కూడా చెప్పండి. కార్ల క్రాష్ పరీక్షల్లో ఎస్‌ఏఈ జే211 ప్రమాణం ప్రకారం సీఎఫ్‌సీ (ఛానల్ ఫ్రీక్వెన్సీ క్లాస్) 1000, 600, 180, 60 అని ఫిల్టర్ తరగతులు పెట్టుకున్నది ఇందుకే. సీఎఫ్‌సీ 1000 అంటే సుమారు 1,650 హెర్ట్జ్ దగ్గర కోత, మన 0.3 మి.సె. దెబ్బని దానిలోంచి పంపితే శిఖరం బాగా అణిగిపోతుంది. అదే దెబ్బ, అదే రికార్డర్, అంకె మాత్రం వేరు.

చదివేటప్పుడు నా వరుస ఇది: ముందు డమ్మీ ఛానల్, తర్వాత వరుస సంఖ్యల్లో ఖాళీలున్నాయా, తర్వాత సున్నా, తర్వాత వేగం లెక్క, ఇవన్నీ సరిపోయాకే శిఖరం. సున్నా రేంజిలో ఒక శాతం దాటి జరిగితే ఆ యూనిట్‌ని పక్కన పెట్టేస్తాను. మిగతావాటి మీద ఎన్ని దెబ్బలు తిన్నదో మార్కర్‌తో గీతలు పెడతాను. నా దగ్గర బాగా పనిచేస్తున్న దాని మీద ఇప్పటికి పదకొండు గీతలున్నాయి.